సామర్లకోట నుండి లాల్‌బాగ్ వరకు: మొరావియన్ సహోదరుడు బెంజమిన్ హైనె (1770–1819)



కొంత కాలము క్రితము హోసూరులో మన యౌవనస్థుల కూటము జరిగింది. వెనుక బల్ల మీద ఒక అబ్బాయి కూర్చున్నాడు. పెద్దాపురం వైపు నుండి వచ్చినవాడు. పాస్టరు కావాలని బైబిలు శిక్షణలో చేరి, తండ్రి మంచాన పడడముతో చదువు మధ్యలో వదలి, ఇక్కడ సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో కుదిరాడు. సాక్ష్యము చెప్పమంటే లేవలేదు. కూటము అయిన తరువాత దగ్గరకు పిలిచి అడిగితే, తాను దేవుని పని విడిచిపెట్టి ఉద్యోగానికి వచ్చినవాడినని, ముందు బల్ల మీద కూర్చోవడానికి తనకు ముఖము చెల్లడము లేదని తల వంచుకుని చెప్పాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ట్రైనింగు పూర్తిచేసి బడిపంతులుగా జీవితము గడిపినవాడిని. పిల్లవాడు ఒక చోట చిక్కుబడిపోతే ఉపదేశము చేయడముకంటె, వాడికంటె ముందు ఆ చోట నడచిన మనిషి కథ చెప్పడమే నాకు అలవాటు. అలా వెదకగా గుర్తుకు వచ్చిన మనిషి బెంజమిన్ హైనె. వృక్షశాస్త్రము చదివినవారికి బాగా తెలిసిన పేరు. మన సంఘాలలో మాత్రము ఎవరూ తలచుకోరు. ఆయన జీవితము మన గోదావరి జిల్లాకూ, ఇప్పుడు మనము ఉంటున్న ఈ హోసూరు, క్రిష్ణగిరి ప్రాంతానికి పొరుగున ఉన్న బెంగుళూరుకూ కూడా ముడిపడి ఉన్నది కాబట్టి, దానిని మీ అందరి కోసము వ్రాస్తున్నాను.

మన వంశవృక్షము

తెలుగు బాప్టిస్టులమైన మనము మన పితరుల పేర్లు చెప్పుకోవలసి వస్తే నెల్లూరుతో మొదలుపెడతాము. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే దొరగారు, ఆయన తరువాత జ్యూయెట్ దొరగారు, ఒంగోలులో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన క్లౌ దొరగారి కాలము మన పెద్దలు మనకు చెప్పినవే. ఉత్తర సర్కారుల వారమైతే 1874లో కాకినాడకు వచ్చిన కెనడా మిషనెరీ మెక్‌లారిన్ దొరగారిని తలచుకుంటాము. ఇంకా వెనుకకు వెళ్తే 1793లో బెంగాలు చేరిన విలియం కేరీ కనబడతారు.

మరి కేరీ వెనుక ఎవరు? ఆయన కెట్టరింగ్ పట్టణములో 1792లో తోటి బాప్టిస్టు కాపరులను మిషను పనికి పురికొల్పినప్పుడు తన ముందు పెట్టుకున్న మాదిరి మొరావియన్ సహోదరులది. వారు అచ్చువేసిన మిషను సమాచార పత్రికలు ఆయన చేతిలో ఉన్నాయి. అంటే మన వంశవృక్షములో కేరీకి పైన ఉన్న కొమ్మ మొరావియన్‌లదే. ఆ కొమ్మకు చెందినవాడే హైనె. కేరీ కలకత్తాలో దిగిన సంవత్సరమే ఆయన మన సామర్లకోటకు వచ్చారు.

హెర్న్‌హూట్ గ్రామము

మొరావియా నేటి చెక్ దేశములో ఒక భాగము. 1415లో అగ్నికి ఆహుతియైన జాన్ హస్ బోధను పట్టుకుని నిలిచిన విశ్వాసులు అక్కడ తరతరాలు హింస అనుభవించారు. వారిలో కొందరు 1722లో ఇళ్లూ పొలాలూ విడిచి సరిహద్దు దాటి జర్మనీలోని సాక్సనీకి వలస వచ్చారు. జిన్‌జెన్‌డార్ఫ్ అనే ప్రభువు తన భూమిలో వారికి చోటు ఇచ్చాడు. క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి మొదటి చెట్టు నరికి ఇల్లు కట్టడము ఆరంభించాడు. ఆ ఊరికి హెర్న్‌హూట్, అంటే ప్రభువు కాపుదల, అని పేరు పెట్టుకున్నారు.

1727 ఆగస్టులో ఆ చిన్న ఊరిలో గొప్ప ఉజ్జీవము కలిగింది. గంటల వంతున రాత్రింబగళ్లు సాగే ప్రార్థన ఆరంభమై సుమారు 100 సంవత్సరాలు నడిచింది. 1732లో మొదటి మిషనెరీలను పంపినప్పుడు వారిలో ఒకడు కుమ్మరి, ఒకడు వడ్రంగి. చేతిపని చేసుకుంటూ, తమ తిండి తాము సంపాదించుకుంటూ సువార్త చెప్పడము వారి పద్ధతి. పనిముట్టును వారు పరిచర్యకు అడ్డముగా చూడలేదు. ఈ సంగతిని మనము గుర్తు పెట్టుకోవాలి, చివరలో దీనితో పని ఉన్నది.

జిన్‌జెన్‌డార్ఫ్‌కు భారతదేశము కొత్త మాట కాదు. ఆయన హాలె పట్టణములో చదువుకునే బాలుడుగా ఉన్నప్పుడే, తరంగంబాడి నుండి తిరిగి వచ్చిన మిషనెరీలను చూచి వారి మాటలు విన్నాడు. ఆ మిషను పని 1706లో సీగెన్‌బాల్గ్‌తో ఆరంభమైనది. తెలుగులోనికి బైబిలును అనువదించే పనికి మొదట పూనుకున్న బెంజమిన్ షుల్జ్ కూడా ఆ హాలె మిషను నుండి వచ్చినవాడే.

తరంగంబాడిలో సహోదరుల తోట

తరంగంబాడి అప్పుడు డెన్మార్కు రాజు చేతిలో ఉండేది. నికోబార్ దీవులలో వలస ఏర్పరచాలని డెన్మార్కువారు కోరగా, మొరావియన్ సహోదరుల మొదటి గుంపు 1760లో తరంగంబాడిలో దిగింది. ఊరికి కొంత దూరములో స్థలము కొని ఇళ్లు, పనిశాలలు కట్టుకున్నారు. ఆ చోటికి సహోదరుల తోట అని పేరు వచ్చింది. వడ్రంగము, చెప్పులు కుట్టడము, సేద్యము మొదలైన పనులు చేసుకుని బ్రతికారు. అప్పటికే అక్కడ ఉన్న హాలె మిషనువారికి వీరి రాక నచ్చలేదు. ఒకే ప్రభువును ఆరాధించే రెండు గుంపుల మధ్య చాలా ఏళ్లు ఎడము ఉండిపోయింది. ఇటువంటిది మనకు తెలియని విషయము కాదు గనుక దాచవలసిన పని లేదు.

1768 నుండి 1787 వరకు వారు నికోబార్‌లో నిలువడానికి ప్రయత్నించారు. జ్వరాలు వారిని తినివేశాయి. వచ్చినవారు వచ్చినట్టే సమాధులలోనికి వెళ్లారు. చివరిదాకా ఉన్న హేన్‌సెల్ అనే సహోదరుడు పాములను, పక్షులను, గవ్వలను సేకరించి, యూరపులో వాటిని కొనే శాస్త్రజ్ఞులకు అమ్మి మిషను ఖర్చుకు సాయపడేవాడు. సృష్టిని పరిశీలించడము, దానితోనే పొట్ట పోసుకోవడము ఆ సహోదరులలో ముందునుండీ ఉన్న అలవాటు అని దీనివలన తెలుస్తుంది. వారు బెంగాలులోని శ్రీరాంపూరుకు కూడా 1777లో వెళ్లారు గాని అక్కడా పని నిలువలేదు. కొన్ని ఏళ్ల తరువాత అదే ఊరు కేరీ కేంద్రమైంది.

ఇలాంటి ఇంటికి, ఇన్ని మరణాలు చూచిన ఇంటికి, సాక్సనీలో 1770లో పుట్టిన బెంజమిన్ హైనె వచ్చి చేరారు. అప్పటికి ఆయనకు ఇరువది రెండు మూడు ఏళ్లు. మొరావియన్ మిషనెరీగా వచ్చారు. వైద్యము తెలుసు, మొక్కల మీద ఆసక్తి ఉన్నది. అయితే తాను వచ్చి చేరిన మిషను అప్పటికే ఆరిపోతున్న దీపములా ఉన్నది. నికోబార్ పని మూతపడింది. తోటలో ఉన్నవారు తగ్గిపోతున్నారు. 1803 నాటికి ఆ సహోదరుల తోట పని పూర్తిగా ముగిసిపోయింది.

సామర్లకోటకు రాక

ఇక్కడ ఆయన దారి మలుపు తిరిగింది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీకి ఒక వృక్షశాస్త్ర తోట ఉండేది. స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ దానిని పెంచాడు. మిరియాలు, చెరకు, నీలిమందు, పట్టుపురుగుల కోసము మల్బరీ, ఇలా దేశానికి పనికివచ్చే పైరులను అక్కడ పరీక్షించేవారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ సిద్ధపరచిన పెద్ద గ్రంథములో మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. 1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లిపోగా, సామర్లకోటలో ఆయన స్థానములోనికి కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా హైనె వచ్చారు.

ఆయన వచ్చిన కాలము మన తీరానికి మహా కష్టకాలము. 1789లో కోరంగిని ఉప్పెన ముంచింది. దాని వెంటనే కొన్ని ఏళ్లు వానలు తప్పి ఘోరమైన కరువు సర్కారు జిల్లాలను పట్టుకుంది. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. మొక్కల పండితుడు అంటే పూలు ఏరుకునేవాడని మనము అనుకుంటాము. ఆ రోజులలో ఆ ఉద్యోగము ముఖ్య ప్రశ్న వేరు: వాన రాని సంవత్సరము మనుష్యులు ఏమి తిని బ్రతుకుతారు? ఏ చెట్టు, ఏ దుంప, ఏ పైరు వారిని నిలబెడుతుంది?

సామర్లకోట పేరు వినగానే మన బాప్టిస్టులకు మరొక సంగతి గుర్తుకు రావాలి. అదే ఊరిలో 1882లో మెక్‌లారిన్ దొరగారు తెలుగు బోధకులను తయారుచేసే సెమినరీని స్థాపించారు. హైనె మొక్కలు పెంచిన ఊరిలోనే సుమారు 90 ఏళ్ల తరువాత మన బోధకులు పెరిగారు. ఒకదానివలన మరొకటి వచ్చిందని నేను చెప్పడము లేదు. ఒకే ఊరి మన్ను రెండు పనులకూ ఉపయోగపడిందని మాత్రము చెబుతున్నాను.

రమణక్కపేట కొలుములు

హైనె తోటలో కూర్చుండిపోలేదు. ఊరూరా తిరిగారు. మల్లవల్లి వజ్రపు గనులను, వినుకొండ వైపున ఉన్న అగ్నిగుండాల రాగి గనులను, కడప ప్రాంతపు వజ్రాల తవ్వకాలను పరిశీలించారు. వీటిలో నా మనస్సును ఎక్కువగా తాకినది నూజివీడు దగ్గర రమణక్కపేట ఇనుప కొలుముల సంగతి. 1795లో ఆయన దానిని గురించి నివేదిక వ్రాశారు.

ఆ ఊరివారు దగ్గరి కొండలోనుండి ఇనుప రాయి తెచ్చి, మట్టితో కట్టిన కొలుములలో బొగ్గులు వేసి, తిత్తులు ఊది ఇనుము తీసేవారు. కరువుకు ముందు అక్కడ 40 కొలుములు మండుతుండేవట. వెండి పని, రాగి పని చేసేవారు కూడా చాలామంది కలిగి బ్రతికేవారట. కరువు తరువాత మిగిలినవారు కొద్దిమంది, వారూ పేదరికములో ఉన్నారు. హైనె ఈ లెక్కను వ్రాసిపెట్టారు. ఇనుమును గూర్చి అడిగిన నివేదికలో ఇనుము చేసే మనుష్యుల గతిని కూడా వ్రాసిపెట్టడము సామాన్యమైన విషయము కాదు. ఆయన ఆ పని చేయకపోతే ఆ 40 కొలుముల మాట నేడు మనకు తెలియదు. 1971లో ధరంపాల్ అనే పరిశోధకుడు 18వ శతాబ్దపు భారతీయ శాస్త్రసాంకేతిక విద్యల మీద గ్రంథము వెలువరించినప్పుడు, హైనె వ్రాసిన ఈ నివేదికను అందులో చేర్చాడు. రమణక్కపేట కమ్మరుల పనితనానికి అలా సాక్ష్యము మిగిలింది.

మైసూరు ప్రాంతములో ఉక్కు చేసే పద్ధతిని కూడా ఆయన తరువాత వర్ణించారు. ఆ ఉక్కు ముక్కలు లండనులో పేరుపొందిన కత్తుల తయారీదారుడు స్టోడార్ట్ చేతికి అందాయి. పదునైన పనిముట్లకు ఇంతకంటె మంచి ఉక్కు లేదని అతడు అభిప్రాయపడ్డాడు. ఆ అభిప్రాయాన్ని హైనె తన గ్రంథములో చేర్చారు. సిప్‌కాట్‌లో లేతు ముందు నిలబడే మన తమ్ముళ్లకు ఈ మాట సంతోషము కలిగిస్తుందని అనుకుంటాను.

మైసూరు సర్వే, లాల్‌బాగ్

ఇప్పుడు మనము ఉంటున్న ప్రాంతము సంగతికి వస్తాను. క్రిష్ణగిరి, రాయకోట, హోసూరు కోటలు అప్పుడు టిప్పు సుల్తానుకూ కంపెనీకీ మధ్య యుద్ధభూమి. 1792 శ్రీరంగపట్నము ఒప్పందముతో బారామహల్, అంటే క్రిష్ణగిరి, ధర్మపురి ప్రాంతము, కంపెనీ చేతికి వచ్చింది. 1799లో టిప్పు పతనము తరువాత హోసూరు కూడా వారిదైంది. జయించిన దేశాన్ని తెలుసుకోవాలని కంపెనీ మైసూరు సర్వే ఏర్పరచి కాలిన్ మెకంజీని అధిపతిగా నియమించింది. తెలుగువారి చరిత్రకు మెకంజీ చేసిన మేలు అందరికీ తెలిసినదే. ఏలూరు నుండి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిచేయిగా ఉండి కైఫీయతులు సేకరించారు.

ఆ సర్వేలో వైద్యుడుగా, వృక్షశాస్త్రజ్ఞుడుగా హైనె చేరారు. అంతకుముందు మన బారామహల్‌ను గొలుసు పట్టి కొలిచిన జాన్ మాథర్ అనే సర్వేయరు కూడా అందులో ఆయనకు తోటి ఉద్యోగి. ఒక జర్మను మొరావియన్, ఒక స్కాట్లండు సైనికుడు, ఏలూరు నుండి వచ్చిన నియోగి సోదరులు, అందరూ పరాయి చోట పని చేసే వలసవారే. మన పని స్థలాలలో ఇప్పుడు కనిపించే గుంపు కూడా ఇంచుమించు ఇలాంటిదే కదా!

హైదర్ అలీ 1760లో ఆరంభించి టిప్పు పెంచిన బెంగుళూరు లాల్‌బాగ్ తోటను కూడా హైనెకు అప్పగించారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ప్రభుత్వము ఆయనకు ఇచ్చిన ఉత్తరువుల సారాంశము ఇది: చూపుకు అందమైనవనో అరుదైనవనో మొక్కలు పెంచకుండ, మనుష్యులకు ఉపయోగపడేవాటికే మొదటి స్థానము ఇవ్వాలి. తినే తిండి, కాల్చే కట్టె, కట్టడాలకు కలప, చేతిపనులకు సరుకు, వీటిని గూర్చి జాగ్రత్తగా సమాచారము కూర్చాలి. మనము సెలవు రోజున పిల్లలను తీసుకుని హోసూరు నుండి 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లి లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన చూచి వస్తాము. ఆ తోట కంపెనీ పాలన తొలి ఏళ్లలో ఒక మొరావియన్ సహోదరుని చేతిలో ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు?

సర్వే నుండి ఆయన కొన్ని సంవత్సరాలకే విడిపడ్డారు. 1804లో ఆ పనిలో జాన్ లేడెన్ అనే పండితుడు ప్రవేశించాడు. హైనె మాత్రము మద్రాసు ప్రభుత్వ సేవలో వైద్యుడుగా, వృక్షశాస్త్రజ్ఞుడుగా కొనసాగుతూ దక్షిణ దేశములో తిరిగారు. సామర్లకోట నుండి హైదరాబాదు దాకా, కడప సీమ గుండా, దారి పొడవునా నేలను, రాళ్లను, పైరులను, నాటు వైద్యుల మందులను గమనించి వ్రాసుకున్నారు.

గ్రంథము, మరణము

తరువాత ఆయన యూరపుకు వెళ్లారు. సుమత్రా దీవిని కూడా చూచి దానిని గూర్చి లేఖల రూపములో వ్రాశారు. ఇవన్నీ చేర్చి 1814లో లండనులో పెద్ద గ్రంథము అచ్చువేయించారు. మైసూరు దేశపు సంగతులు, వజ్రపు గనులు, రాగి, ఇనుము, ఉక్కు, హిందూ వైద్యము, ప్రయాణాల దినచర్యలు అందులో ఉన్నాయి. వ్రాసిన వాటిలో ఎక్కువ భాగము మన తెలుగు, కన్నడ సీమల గూర్చినదే.

1814 అనే అంకెను ఒక్క క్షణము చూడండి. అదే సంవత్సరములో శ్రీరాంపూరులో కేరీ తెలుగు వ్యాకరణము అచ్చయింది. అదే సంవత్సరములో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటలోని మొక్కల పట్టికను కేరీ అదే శ్రీరాంపూరు ముద్రణాలయములో ప్రచురించారు. 1818లో శ్రీరాంపూరు తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది.

హైనె మరల మద్రాసుకు తిరిగి వచ్చారు. 1819 ఫిబ్రవరిలో, యాభై ఏళ్లు నిండకముందే, అక్కడే కన్నుమూశారు. ఆయన సేకరించి ఇచ్చిన ఎండిన మొక్కలను పరిశీలించిన జర్మను పండితుడు రోట్ 1821లో కొత్త మొక్కల గ్రంథము ప్రచురించి, అవి హైనె సేకరణలోనివని గ్రంథము పేరులోనే చేర్చాడు. నందివర్ధనము జాతిలో ఒక చెట్టుకు, మన జనుము జాతిలో ఒక మొక్కకు, పడమటి కనుమలలోని ఒక సీతాకోకపూల మొక్కకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు.

రెండు చెట్లు, ఇద్దరు సహోదరులు

సామర్లకోటలో హైనెకు ముందున్న రాక్స్‌బర్గ్ మిషనెరీ కాడు. అయినా ఇద్దరు మిషనెరీల పేర్లు చెట్లకు పెట్టాడు. ఒక జాతికి తన స్నేహితుడైన బాప్టిస్టు కేరీ పేరుమీద కేరియా అని, వేప కుటుంబములోని మరొక జాతికి మొరావియన్ హైనె పేరుమీద హైనియా అని. ఒకే చేయి, ఒకే గౌరవము. అయితే ఇద్దరి జీవిత ఫలము ఒక్కలా లేదు. కేరీ వెనుక సంఘాలు, బైబిళ్లు, బడులు మిగిలాయి. హైనె వెనుక మొక్కలు, గ్రంథము, కొలుముల లెక్క మిగిలాయి. సంఘము మిగులలేదు. సంఘ పెద్దగా ఈ సంగతిని నేను మెత్తగా కప్పిపుచ్చి చెప్పకూడదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? ఉద్యోగములో చేరడము వలననా? కాదు. కేరీ కూడా ఉద్యోగము చేశారు. 1794 నుండి కొన్ని ఏళ్లు బెంగాలులో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా పనిచేశారు. 1801 నుండి ఫోర్టు విలియం కళాశాలలో పంతులుగా ఉన్నారు. మన మొదటి బాప్టిస్టు మిషనెరీ ఫ్యాక్టరీ మేనేజరు అని చెబితే మన పిల్లలు ఆశ్చర్యపోతారు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టలేదా? ఆయనకు తోడైన అకుల, ప్రిస్కిల్ల రోమాను విడిచి రావలసివచ్చిన వలసవారు కారా?

నాకు తోచిన తేడా ఇది. కేరీకి శ్రీరాంపూరులో మార్ష్‌మన్, వార్డ్ అనే తోటి సహోదరులు ఉన్నారు. ఒకే బల్ల దగ్గర తిన్నారు, జీతాలు ఒకే సంచిలో వేశారు, కలిసి ప్రార్థించారు. కళాశాలలో కేరీ సంపాదించిన జీతము ముద్రణాలయాన్ని నడిపింది. ఉద్యోగము ఆయనను సహవాసములోనుండి లాగివేయలేదు, సహవాసమే ఆయన ఉద్యోగాన్ని తన పనికి వాడుకుంది. హైనెకు అటువంటి ఆసరా లేకపోయింది. ఆయన సామర్లకోటలో, బెంగుళూరులో తిరుగుతున్న సంవత్సరాలలోనే వెనుక తరంగంబాడిలో సహోదరుల తోట ఒక్కొక్క ఇల్లుగా ఖాళీ అయిపోయింది. తిరిగి చూచుకోవడానికి గూడు లేని పక్షి అయ్యారు. ఆ మనిషిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడము లేదు.

కాబట్టి వలస వచ్చిన మనకు ఈ జీవితము ఒక హెచ్చరిక, ఒక ఓదార్పు. ఓదార్పు ఏమంటే, నిజాయితీగా చేసిన పని వృథా కాదు. కరువు తరువాత మిగిలిన కమ్మరుల లెక్క వ్రాసిన చేయి 200 ఏళ్ల తరువాత కూడా ఆ పేదల పక్షముగా సాక్ష్యము పలుకుతున్నది. హెచ్చరిక ఏమంటే, పని స్థలము మనిషిని సంఘములోనుండి తీసుకువెళ్లదు గాని, ఒంటరితనము తీసుకువెళ్తుంది. షిఫ్టు మారి ఆదివారము రాలేని తమ్ముడిని ఎవరూ పలుకరించకపోతే, అద్దె ఇల్లు మారి క్రిష్ణగిరి అవతలకు వెళ్లిన కుటుంబాన్ని ఎవరూ వెళ్లి చూడకపోతే, ఆ తప్పు ఉద్యోగానిది కాదు, మనది.

ఈ కథను నేను ఆ అబ్బాయికి ఒక సాయంకాలము మా ఇంటి వసారాలో చెప్పాను. విని చాలాసేపు ఊరుకున్నాడు. సామర్లకోట స్టేషనులో ఎన్నోసార్లు రైలు ఎక్కి దిగానని, అక్కడ అలాంటి తోట ఉండేదని ఎవరూ చెప్పలేదని అన్నాడు. తరువాతి ఆదివారము ముందు బల్లకు రాలేదు. అయితే ఆరాధన అయిపోగానే జారుకోకుండ, రాత్రి షిఫ్టు చేసేవారికి వారము మధ్యలో ఒక ప్రార్థన కూటము పెట్టగలమా అని అడిగాడు. ఇప్పుడు ఆ కూటము నడుస్తున్నది. వచ్చేవారు కొద్దిమందే.

చివరగా ఒక మనవి. మన కుటుంబాలలో పెద్దవారు ఉండగానే మూడు తరాల సంగతులు ఒక నోటుపుస్తకములో వ్రాసుకోండి. తాతగారు ఏ ఊరిలో బాప్తిస్మము పొందారు, ఏ మిషను బడిలో చదివారు, ఏ చేతిపని చేశారు, ఎవరు మొదట ఊరు విడిచి హోసూరు బస్సు ఎక్కారు, ఇవన్నీ వ్రాయండి. సంఘము విడిచి దూరమైనవారి పేర్లు కూడా విడిచిపెట్టకుండ వ్రాయండి. వారూ మన వృక్షములోని కొమ్మలే. ఆ పుస్తకాలను మన అసోసియేషను సభకు తెస్తే అందరమూ కలిసి చదువుకుందాము.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక.

మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద